పొద్దున్నే మూత తీస్తే బుస్సుమంటోంది

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కడప. మా నాయన 1998లో కొన్న మారుతి 800 ఇప్పటికీ నేనే నడుపుతున్నా. కార్బొరేటర్ బండి. అత్తగారి ఊరు రాయచోటి కాబట్టి నెలకు రెండుసార్లయినా ఆ దారిలో పోతుంటాం. ఉగాదికి పోయినప్పుడు గువ్వలచెరువు ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. పక్కకు ఆపి చూస్తే స్పేర్ బాటిల్‌లోంచి నీళ్లు పొంగి కారిపోతున్నాయి. అప్పటినుంచి ముగ్గురు మెకానిక్కులకు చూపించా. ఒకాయన రేడియేటర్ మూత మార్చినాడు. ఇంకొకాయన థర్మోస్టాట్ పీకి పారేసినాడు. మూడో ఆయన వాటర్ పంప్ మార్చినాడు. ఊళ్లో తిరిగితే బాగానే ఉంటుంది, ఘాట్ ఎక్కితే మళ్లీ అదే కథ. ఎక్కడా లీకు కనపడదు, కానీ నాలుగు రోజులకోసారి అర లీటరు పోయాల్సి వస్తోంది. ఆయిల్ శుభ్రంగా ఉంది, తెల్ల పొగ లేదు. మరో చిన్న విషయం. రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున మూత తీసినా బుస్సుమని చప్పుడొచ్చి నీళ్లు పైకి ఉబుకుతాయి. పై పైపు రాయి మాదిరి గట్టిగా ఉంటుంది. బండి అమ్మేయమంటున్నారు. నాకు మనసు రావడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, కడప

సమాధానం: తమ్ముడూ, నువ్వు చివర్లో ‘చిన్న విషయం’ అని రాశావే, మొత్తం జబ్బు అందులోనే ఉంది. ఆ ముగ్గురికీ ఆ ముక్క చెప్పావా? చెప్పి ఉండవు. బండి వేడెక్కుతోందని మాత్రమే చెప్పి ఉంటావు. వేడి అనగానే ఎవరైనా మూత, థర్మోస్టాట్, పంప్ వైపే చూస్తారు. వాళ్లను మరీ తప్పుపట్టలేం.

వేడి వేరు, ప్రెషర్ వేరు. మామూలుగా రెండూ కలిసే వస్తాయి కాబట్టి మనం ఒకటే అనుకుంటాం. ఇంజన్ వేడెక్కితే లోపలి నీళ్లు వ్యాకోచిస్తాయి, కొంత ఆవిరి పుడుతుంది, ప్రెషర్ పెరుగుతుంది. ఇంజన్ చల్లారితే ఆవిరి మళ్లీ నీళ్లవుతుంది, ప్రెషర్ దిగిపోతుంది. దిగడమే కాదు, లోపల కాస్త వెలితి కూడా పడుతుంది. ఆ వెలితి వల్లనే స్పేర్ బాటిల్‌లోకి పోయిన నీళ్లు తిరిగి రేడియేటర్‌లోకి పీల్చుకుంటాయి. అంటే రాత్రి ఎనిమిదికి ఆపిన బండికి తెల్లారి ఆరింటికి మూత తీస్తే ఏ చప్పుడూ రాకూడదు. మహా అయితే గాలి లోపలికి పీల్చుకున్నట్టు సన్నగా ఒక చప్పుడు రావచ్చు. నీకేమో నీళ్లు పైకి ఉబుకుతున్నాయి, పైపు రాయి మాదిరి ఉంది. పది గంటలు చల్లారాక కూడా ప్రెషర్ నిలబడిందంటే అది ఆవిరి కాదు. చల్లారినా నీళ్లుగా మారని గాలి ఏదో లోపల చేరింది. ఇంజన్‌లో అంత గాలి పుట్టే చోటు ఒక్కటే ఉంది: సిలిండర్.

అందుకే నా అనుమానమంతా హెడ్ గాస్కెట్ మీదే. సిలిండర్లున్న బ్లాక్‌కూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కూ మధ్య సందు లేకుండా బిగించే పలచటి పొర అది. లేదా అల్యూమినియం హెడ్‌కు సన్నటి పగులు వచ్చి ఉండాలి. అంటే సిలిండర్‌లో మండిన పొగ కొద్దికొద్దిగా నీళ్ల దారిలోకి దూరుతోంది.

ఇప్పుడు నువ్వు రాసిన మిగతా లక్షణాలన్నీ దీనికి సరిపోతాయో లేదో చూద్దాం. పొగ చేరినకొద్దీ అది నీళ్లను తోసి మూత దాటించి బాటిల్‌లోకి పంపిస్తుంది. బాటిల్ నిండి పైనుంచి కారిపోతుంది. అది రోడ్డు మీద, బండి కదులుతున్నప్పుడు జరుగుతుంది కాబట్టి ఇంటి ముందు నేల మీద నీకు తడి కనపడదు. నీ అర లీటరు పోతున్నది అక్కడే. ఇక రాత్రి చల్లారినా లోపల ప్రెషర్ మిగిలే ఉంటుంది గనక వెలితి పడదు, బాటిల్ నీళ్లు వెనక్కి రావు. బాటిల్ నిండుగా, రేడియేటర్ వెలితిగా ఉంటోంది కదా? ఉంటోందనే నా నమ్మకం. రేపు పొద్దున చూసుకో.

మరి ఊళ్లో బాగానే ఉండి ఘాట్‌లోనే ఎందుకు? నీ 800కు ఉన్నది 796 సీసీ, మూడే సిలిండర్లు. కడప వీధుల్లో నువ్వు యాక్సిలరేటర్ పావు వంతు కూడా తొక్కవు. గువ్వలచెరువు ఘాట్‌లో నలుగురిని, డిక్కీలో సామాన్లను పెట్టుకుని రెండో గేరులో పూర్తిగా తొక్కి పట్టాల్సిందే. అప్పుడు సిలిండర్‌లో మంట పుట్టించే ప్రెషర్ 40 బార్లకు పైనే ఉంటుంది. ఒక బారు అంటే సుమారుగా మన చుట్టూ ఉన్న గాలి ప్రెషర్ అంత. రేడియేటర్ మూత పట్టి ఉంచేది ఒక బారు కూడా కాదు. గాస్కెట్‌లో వెంట్రుక వాసి సందు ఉన్నా, తక్కువ లోడ్ మీద అది మూసుకున్నట్టే ఉంటుంది. ఎక్కువ లోడ్ పడగానే పొగ తోసుకుని వస్తుంది. పొగ చేరిన చోట నీళ్లుండవు, నీళ్లు లేని చోట వేడి పోదు, అందుకే ముల్లు ఎర్ర గీతకు పోతోంది. నీ బండిలో వేడి ప్రెషర్‌ను పుట్టించడం లేదు. ప్రెషరే వేడిని పుట్టిస్తోంది.

ఆయిల్ బాగుంది, తెల్ల పొగ లేదు కాబట్టి గాస్కెట్ కాదని ఎవరైనా అంటే నమ్మవద్దు. గాస్కెట్ పోయే తీరు ఒక్కటి కాదు. నీళ్ల దారికీ ఆయిల్ దారికీ మధ్య పోతే ఆయిల్ మజ్జిగలా అవుతుంది. నీళ్లు సిలిండర్‌లోకి కారితే తెల్ల పొగ వస్తుంది. నీ విషయంలో సిలిండర్ నుంచి నీళ్లలోకి ఒకవైపే పోతోంది. 40 బార్లతో పొగ బయటికి రాగలిగిన సందులోంచి, ఒక బారు లోపు ప్రెషర్ ఉన్న నీళ్లు లోపలికి రాలేకపోవచ్చు. మొదట్లో చాలా బండ్లలో ఇంతే. నెలలు గడిచి సందు పెద్దదయ్యాకే తెల్ల పొగ మొదలవుతుంది.

అలాగని నా ఉత్తరం చదివి వెంటనే హెడ్ విప్పించకు. ఇప్పటికే ముగ్గురు ఊహ మీద పని చేశారు, నాలుగో ఊహ నాది కాకూడదు. నీ చేతులతో నువ్వే చూసుకోగల పరీక్షలున్నాయి, వాటికి పైసా ఖర్చు లేదు.

ముందు థర్మోస్టాట్ తిరిగి పెట్టించు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే తలుపు అది. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రావడానికి ఆలస్యమవుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, పరీక్షల్లో తేడా కూడా సరిగ్గా తెలియదు. మన ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదని మన జిల్లాల్లో ఒక నమ్మకం ఉంది. నేను షెడ్డులో పని నేర్చుకునే రోజుల్లో నాకూ అదే నేర్పారు, పదేళ్లు నేనూ పీకి పారేశాను. తప్పు. వేడెక్కే బండికి అది మందు కాదు, జబ్బును నాలుగు రోజులు దాచిపెడుతుందంతే.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, మూత తీసి లోపలున్న ప్రెషర్ వదిలేయి. రేడియేటర్ గొంతు దాకా నీళ్లు నింపి మూత బిగించు. పై పైపును నొక్కి చూడు, మెత్తగా ఉంటుంది. ఇప్పుడు స్టార్ట్ చేసి, అప్పుడప్పుడు కాస్త రేజ్ చేయించుతూ, ఆ పైపును పట్టుకునే ఉండు. ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా నిలబడు. భుజం మీద తుండు ఉంటే తీసి ఇంట్లో పెట్టి రా. మంచి ఇంజన్ అయితే ఆ పైపు గట్టిపడటానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది, అప్పటికి చేతికి వేడి కూడా బాగా తగులుతుంది. నీ బండిలో రెండు మూడు నిమిషాల్లోనే, ఇంకా చేతికి వేడి తగలకముందే పైపు గట్టిపడిందంటే కేసు దాదాపు తేలిపోయినట్టే. చల్లటి పైపు గట్టిగా ఉండటమన్నది వేడి వల్ల జరిగేది కాదు.

రెండోది ఇంకా ముచ్చటైన పరీక్ష. రేడియేటర్ గొంతు నుంచి స్పేర్ బాటిల్‌కు పోయే సన్న ట్యూబును బాటిల్ దగ్గర ఊడదీసి, దాని కొసను నీళ్లున్న కూల్‌డ్రింక్ బాటిల్‌లో ముంచు. బండి స్టార్ట్ చేసి చూస్తూ కూర్చో. మొదట్లో నాలుగు బుడగలు వస్తే కంగారు పడకు, నీళ్లు పోసినప్పుడు చిక్కుకున్న గాలి అది. పదిహేను ఇరవై నిమిషాలకు అది అయిపోవాలి. అయిపోకుండా, రేజ్ చేసిన ప్రతిసారీ బుడగలు గుంపుగా వస్తుంటే అది చిక్కుకున్న గాలి కాదు. గాలి ఒకసారి బయటికి పోతే మళ్లీ రాదు, సిలిండర్ పొగకైతే అంతు ఉండదు. ఎయిర్ లాక్ అని చెప్పి రెండుమూడుసార్లు నీళ్లు మార్చి పంపే మెకానిక్కులు చాలామంది. ఈ ఒక్క తేడా తెలిస్తే ఆ తిరుగుడు తప్పుతుంది.

మూడోది మెకానిక్ చేత చేయించాలి. ఇంజన్ చల్లగా ఉండగా బెల్టు తీసేసి, మూత తెరిచి, ఒక నిమిషం మాత్రం నడపడం. బెల్టు లేకపోతే వాటర్ పంప్ తిరగదు, నీళ్లు కదలవు. కదలని నీళ్లలో బుడగలు లేస్తే ఇక వాదనకు చోటుండదు. నిమిషం, నిమిషంన్నరకు మించి నడపనివ్వకు. అదే ఊపులో ఒక్కో ప్లగ్ వైరు తీసి చూస్తే, ఏ సిలిండర్ ఆపినప్పుడు బుడగలు తగ్గుతాయో దోషం దానిదే. వైరు తీసే పని మాత్రం అతనికే వదిలెయ్, షాక్ కొడుతుంది. మూడు ప్లగ్గులూ విప్పి పక్కపక్కన పెట్టి చూడండి. రెండు ఇటుక రంగులో ఉండి ఒకటి మాత్రం తోమిన గిన్నెలా మెరుస్తుంటే, ఆ సిలిండర్‌లోకి నీళ్లు కూడా పోవడం మొదలైందని అర్థం.

పరికరాలున్న గ్యారేజీ దొరికితే ఇంకో రెండు దారులున్నాయి. ఒకటి బ్లాక్ టెస్టర్. గాజు గొట్టంలో నీలం రంగు ద్రవం పోసి రేడియేటర్ గొంతు మీద పెడతారు. లోపలి గాలిని దాని గుండా లాగితే, పొగలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి పెట్రోల్ బండ్లకు పసుపు రంగులోకి మారుతుంది. గొట్టంలోకి నీళ్లు ఎగజిమ్మితే మాత్రం ఆ పరీక్ష చెడిపోయినట్టే, అందుకే ముందు రేడియేటర్‌లో నీళ్ల మట్టం కాస్త తగ్గించుకోవాలి. రెండోది కంప్రెషన్ గేజ్, ఒక్కో సిలిండర్ ఎంత ప్రెషర్ పట్టగలుగుతోందో కొలిచేది. మూడు సిలిండర్ల అంకెల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో మించితే అనుమానించాలి. పక్కపక్కనున్న రెండూ తక్కువ చూపిస్తే ఆ రెండింటి మధ్య గోడ దగ్గర గాస్కెట్ కాలిపోయిందన్నమాట. మూడూ బాగున్నంత మాత్రాన గాస్కెట్ బాగున్నట్టు కాదు. వెంట్రుక వాసి సందు కంప్రెషన్ గేజ్‌కు దొరకదు.

చేతి పంపుతో చేసే ప్రెషర్ టెస్ట్ గురించి జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మోసపోయేది దానితోనే. రేడియేటర్ గొంతుకు పంపు తగిలించి మూత మీద రాసున్న ప్రెషర్ దాకా ఎక్కించి, పది పదిహేను నిమిషాలు ముల్లు చూస్తారు. ముల్లు దిగితే లీకు ఉన్నట్టు, వెతికి పట్టుకోవచ్చు. దిగకపోతే ‘సిస్టమ్ టైట్‌గా ఉంది, గాస్కెట్ ఓకే’ అని పంపేస్తారు. పైపులకు, పంపుకు, రేడియేటర్‌కు ఆ మాట నిజమే. గాస్కెట్‌కు మాత్రం కాదు. ఇందాక చెప్పిన ఒకవైపు దారి గుర్తుందిగా. నీళ్ల వైపు నుంచి ఒక బారుతో తోస్తే తెరుచుకోని సందు, సిలిండర్ వైపు నుంచి 40 బార్లతో తోస్తే తెరుచుకుంటుంది.

మూత సంగతి కూడా ఒకసారి చూసుకో. కొత్తది వేశారన్నావు, ఏది వేశారు? పాత మూత మీద 0.9 అని ఉంటే కొత్తదాని మీదా అదే ఉండాలి. ఆ మూత అంత ప్రెషర్ పట్టి ఉంచడం వల్లనే నీళ్లు 100 దగ్గర మరగకుండా 118 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. సగానికి సగం కూలెంట్ కలిపితే ఇంకో ఎనిమిది పది డిగ్రీలు అదనం. తక్కువ అంకె మూత వేస్తే ఘాట్‌లో త్వరగా మరుగుతుంది. ఎక్కువ అంకెది వేస్తే పాతికేళ్లు దాటిన రేడియేటర్ అతుకులు ఊడతాయి. మూత అడుగున మధ్యలో చిన్న రేకు ఉంటుంది, గోటితో లాగితే కదిలి మళ్లీ కూర్చోవాలి. బాటిల్ నీళ్లు వెనక్కి వచ్చే తలుపు అదే. అది బిగుసుకుపోతే పొద్దున పైపు చప్పిడిపోయి లోపలికి నొక్కుకున్నట్టు కనపడుతుంది. నీది గట్టిగా ఉంది కాబట్టి ఆ గొడవ కాదు.

ట్రాఫిక్‌లో నిలబడినప్పుడే వేడెక్కి, కదిలితే తగ్గితే అది ఫ్యాన్ సమస్య. నీకది కాదు, వదిలేద్దాం.

రేడియేటర్ లోపల పూడిపోవడం మాత్రం కొట్టిపారేయలేం. బోరు నీళ్లు పోస్తున్నావా? ఇంట్లో బకెట్‌లో వేసే హీటర్ రాడ్‌కు ఆరు నెలల్లో ఎంత తెల్లటి పెచ్చు కడుతుందో చూసే ఉంటావు. మన ఉప్పు నీళ్లు రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే పని చేస్తాయి. కాబట్టి గాస్కెట్ పని చేయించే రోజే రేడియేటర్ కూడా విప్పి శుభ్రం చేయించు. ఆ తర్వాత బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ తప్ప ఇంకేదీ పోయకు. ఇక రేడియేటర్‌లో పసుపు వేయమనే వాళ్లు, లీకు ఆపే పొడి డబ్బా అమ్మేవాళ్లు ఎదురవుతారు. నమస్కారం పెట్టి వచ్చేయి. ఆ పొడి గాస్కెట్ సందును ఆపుతుందో లేదో గానీ రేడియేటర్ గొట్టాలను మాత్రం తప్పకుండా ఆపుతుంది.

హెడ్ విప్పాలని తేలితే, ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి. వేడి మీద బోల్టులు వదులు చేస్తే అల్యూమినియం హెడ్ వంకర పోతుంది. విప్పాక గాస్కెట్ పారేయకుండా నీకు చూపించమను. పొగ దారి చేసుకున్న చోట నల్లటి చార ఉంటుంది, నీ ఘాట్ కథంతా ఆ చారలో కనపడుతుంది. హెడ్‌ను లేత్ షాపుకు పంపి స్కేలు, ఫీలర్ గేజ్‌తో వంకర చూడమను. 0.05 మిల్లీమీటర్ దాటితే ఫేసింగ్, అంటే అడుగు భాగాన్ని అరగదీసి చదును చేయించాలి. పగులు ఉందేమో కూడా అక్కడే ప్రెషర్ పెట్టి చూపించు. ఎర్ర గీత దాకా పోయిన బండి కదా, ఈ రెండూ చేయకుండా కొత్త గాస్కెట్ వేస్తే రెండు నెలల్లో మళ్లీ నాకు ఉత్తరం రాస్తావు. బిగించేటప్పుడు బోల్టు గుంతల్లో నీళ్లు, ఆయిల్ లేకుండా గాలి కొట్టించి, మధ్య నుంచి చివరలకు వరుసగా, విడతలుగా, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో బిగించాలి. ‘చేతి అంచనా చాలు సార్’ అనేవాడు ఎంత మంచి పనివాడైనా, ఈ ఒక్క పనికి అతన్ని వద్దను. నేను ఆ అంచనాతో బిగించిన హెడ్‌లలో కొన్ని నిలబడ్డాయి, కొన్ని నిలబడలేదు. ఏవి ఎందుకు నిలబడలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ పని అయ్యేదాకా ఘాట్ ఎక్కకు. రాయచోటికి బస్సులున్నాయి, ఒక నెల అత్తగారు ఏమీ అనుకోరు. తప్పనిసరై ఎక్కడైనా ముల్లు పైకి పోవడం కనిపిస్తే ఏసీ ఉంటే ఆపెయ్. హీటర్ ఉంటే పూర్తిగా వెయ్, మే నెలలో నరకంలా ఉన్నా సరే, ఇంజన్ వేడి కొంత అటు పోతుంది. గీత దాటకముందే పక్కకు ఆపి ఇంజన్ కట్టేసి బానెట్ ఎత్తిపెట్టు. మూత జోలికి పోకు, మీద చన్నీళ్లు గుమ్మరించకు. పై పైపును చేత్తో పట్టుకుని నిబ్బరంగా ఉండగలిగేంత చల్లారాలి, అప్పుడు తడి గోనెపట్టా మడిచి వేసి మూతను మొదటి మెట్టు దాకానే తిప్పి, చప్పుడు ఆగాకే పూర్తిగా తీయాలి. నీ బండికి ఇది రెండింతలు వర్తిస్తుంది, ఎందుకంటే పైపు చల్లగా ఉన్నా లోపల ప్రెషర్ ఉంటుందని నువ్వే రాశావు. గుత్తి దగ్గర ఒక మధ్యాహ్నం అంబాసిడర్ మూత తొందరపడి తిప్పాను. నా ఎడమ ముంజేతి మీద వెంట్రుకలు ఇప్పటికీ మొలవవు.

అమ్మేయమంటున్నారు అన్నావు. మూడుసార్లు మూడు సామాన్లు మార్చిన ఖర్చు కలిపి చూడు, ఈ పని దానికి మరీ ఎక్కువేం కాదు. గాస్కెట్ చవక, కూలీ, లేత్ పనే ఖర్చు. ఆ బండి తయారీ 2014లోనే ఆగిపోయినా సామాన్లకు లోటు లేదు. హెడ్ పగిలిందని తేలితే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు వాడిన హెడ్ దొరుకుతుందేమో వెతికి, దాన్నీ లేత్‌లో చూపించాకే వేయించాలి.

పని పూర్తయ్యాక మొదటిసారి రాయచోటికి తెల్లవారుజామునే బయల్దేరు, గువ్వలచెరువులో కోవా కొనడానికి ఆగినప్పుడు బాటిల్ మట్టం చూసుకో. తిరిగొచ్చి రాత్రి బండి పెట్టేశాక, మరుసటి పొద్దున కాఫీ కన్నా ముందు ఆ పై పైపు నొక్కి చూడు. మెత్తగా ఉందో, గట్టిగా ఉందో ఒక్క ముక్క నాకు రాయి. కంప్రెషన్ పరీక్ష చేయించి ఉంటే ఆ మూడు అంకెలు కూడా.